సోమలింగం కట్టిన గూడ్సు పెట్టె

కొత్తపేట చుట్టుపక్కల కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు గుమ్మం ఎత్తడానికి మంచిరోజుతో పాటు లక్కోజు సోమలింగం మొహం కూడా చూసుకునేవారు. ఆ పూట అతని మొహం తేటగా ఉంటే పని సాగినట్టే. లేకపోతే "ఈ గడప మీరే ఎత్తుకోండి" అని బాడిసా ఉలులూ సంచిలో పడేసుకుని వెళ్ళిపోయేవాడు. ధర్మరాజుగారి మండువా ఇంటికి వీధి తలుపులు చేసినప్పుడు, అవి ఇంకాస్త కురచగా ఉంటే అందంగా ఉండేవని ఆయన నోరు జారారు. సోమలింగం అక్కడికక్కడే, బిగించిన తలుపులు రెండూ ఊడదీసి, అరుగు మీద పక్కపక్కన పడుకోబెట్టి, మళ్ళీ చాలా రోజులు ఆ వీధి మొహం చూడలేదు. ధర్మరాజుగారు మంచి మనిషి కనక నవ్వేసి, "మన సోమలింగానికి కోపం రాని రోజున వైద్యుణ్ణి పిలవాలర్రా" అన్నారు.

పుట్టుకతో అతను అంత కోపిష్ఠి కాడు. పడుచుతనంలో చిత్రిక పడుతూ పాడేవాడు. గొంతు గొప్పది కాదు గానీ, కొయ్య మీంచి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలుతుంటే దానికి తగ్గ లయ కుదిరేది. తమ్ముడు నరసింగం పోయిన ఏడు, అంటే రెండో ప్రపంచ యుద్ధం రావడానికి ముందటేడు, ఆ పాట ఆగిపోయింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ అతనికి ఒక్క మాట మీద కోపం. రైలు కంపెనీవాళ్ళు తమ్ముడి గురించి రాసిన మాట అది. దాన్ని చెరిపించడానికే అతను ఒక గూడ్సు పెట్టెని, నిజం పెట్టె ఎలా ఉంటుందో అచ్చం అలాగే, ఒళ్ళో పట్టేంత కొలతలో కట్టాడు.

నరసింగానికి వడ్రంగం అబ్బలేదు. ఉలి పట్టుకుంటే కొయ్య కంటే ముందు వేలు తెగేది. తండ్రి తిట్టి తిట్టి వదిలేశాక, గౌతమి దాటి అవతల కొత్తరేవు స్టేషనులో షంటింగు పోర్టరుగా చేరాడు. ఎగువ నుంచి వచ్చే చిన్న రైలు ఆ గోదావరి గట్టు దగ్గర ఆగిపోయేది. ఈవలి కొబ్బరికాయంతా పడవల మీద అవతలికి చేరి, రాతితో కట్టిన గూడ్సు అరుగు మీద గుట్టలు పడి, అక్కణ్ణించి పెట్టెల్లోకి ఎక్కేది. పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించడం, విప్పడం, నిలబెట్టిన పెట్టె కదలకుండా దాని పక్కనున్న పొడుగాటి ఇనప కడ్డీని కిందికి నొక్కి బ్రేకు బిగించడం నరసింగం పని.

ఇంటికొచ్చిన రోజున అన్నం ముందు కూర్చుని ఆ పెట్టెల కబుర్లే చెప్పేవాడు.

"అన్నయ్యా, కాయ నింపిన పెట్టెని మన ఊరి ఎడ్లన్నీ కలిసినా నేల మీద కదపలేవు. అదే పట్టాల మీదైతే నేనొక్కణ్ణీ భుజం ఆనిస్తే కదులుతుంది తెలుసా?"

"అలాంటిదానికి భుజం ఎందుకానిస్తావురా?"

"ఉద్యోగం అదే కదేంటి!" అని నవ్వేవాడు. పక్కన విస్తట్లో వడ్డిస్తున్న అతని భార్య కామేశ్వరి బావగారి ఎదుట నవ్వకూడదని మొహం పక్కకి తిప్పుకునేది.

ఆషాఢమాసం గాలి రోజుల్లో ఒక మధ్యాహ్నం, అరుగు దగ్గర నిలబెట్టిన పెట్టె ఒకటి దానంతటది కదిలింది. ముందు ఇంకో పెట్టె ఉంది. దాని అవతల కొబ్బరికాయలు ఏరుతున్న కూలి ఆడవాళ్ళున్నారు. కేక వినిపించి నరసింగం పరిగెత్తాడు. ఏం జరిగిందో పూర్తిగా చూసినవాళ్ళెవరూ లేరు. తోటి పోర్టరు యాకోబు అరుగు అవతలి కొసన ఉండి, తిరిగి చూసేసరికి కదిలిన పెట్టె ఆగిపోయి ఉంది. నరసింగం రెండు పెట్టెల మధ్య, ఇనప బఫర్ల నడుమ ఉన్నాడు. బఫర్లంటే పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకోకుండా రెండు మూలలా ఉండే ఇనప గుబ్బలు.

దినాలయ్యాక కంపెనీ నుంచి కాగితం వచ్చింది. స్టేషను గుమాస్తా దాన్ని చదివి అర్థం చెప్పాడు. "చేతికందే దూరంలో ఉన్న బ్రేకును నొక్కక, రూలుకు విరుద్ధంగా రెండు పెట్టెల మధ్యకు దూకి, తన అజాగ్రత్త వల్ల తానే మరణించినాడు."

సోమలింగం అంతా విని ఒకటే అడిగాడు. "చేతికందే దూరమని రాసేరు గదండీ, ఎవరి చేత్తో కొలిచేరు?"

"కొలవడమేంటయ్యా? చూస్తే తెలీదూ?"

చూస్తే తెలీదూ అన్న ఆ మాట వడ్రంగి దగ్గర అనకూడనిది. అతని తాత, తండ్రి, తను, చూసి చెప్పిన పాపాన ఎప్పుడూ పోలేదు. కిటికీ చువ్వకైనా గజంబద్ద పెట్టాల్సిందే. ఒక మనిషి ప్రాణం పోయినచోట బద్ద పెట్టకుండా కాగితం రాసేశారు. గుమాస్తా మేజాని సోమలింగం ఒక్క తాపు తన్నాడు. ఇద్దరు పోర్టర్లు పట్టుకుని రేవు దాకా నడిపించి పడవెక్కించారు.

కంపెనీ రాసింది కంపెనీ దగ్గర ఉండిపోయినా బాగుండేది. అది పడవెక్కి ఈవలికొచ్చింది. రేవులో నరసింగం పేరు "బ్రేకు మరిచిపోయినోడు" అయింది. కొన్నాళ్ళకి కామేశ్వరి "బ్రేకు కామేశ్వరి" అయింది. ఆమె తమలపాకుల బుట్టతో అవతలి సంతకి వెళ్ళేది. రోజూ ఆ పడవే ఎక్కాలి. పడవ నడిపే వెంకన్న దుర్మార్గుడు కాడు, నోటి దురద మనిషి. ఒకనాడు అందరూ ఎక్కాక, "కట్టుతాడు ఎవరైనా చూసుకోండర్రా, కామేశ్వరమ్మ వాళ్ళకి మరుపెక్కువ" అన్నాడు. పడవలో సగం మంది నవ్వారు. ఆ రోజు సోమలింగం కూడా అందులో ఉన్నాడు. లేచి, వెంకన్న నడుం పట్టుకుని, గడకర్రతో సహా గోదాట్లో పడేశాడు. పడవ ఒడ్డునే ఉంది కనక వెంకన్నకి మోకాలి లోతే.

"ఏంటండీ సోమలింగంగారూ, మాటకి మనిషిని నీళ్ళలో తోసేస్తారా?" అన్నాడు వెంకన్న బురద కడుక్కుంటూ.

"మాటకి మనిషిని పాడె ఎక్కించేవాళ్ళు మీరు. నేను నీళ్ళలోనేగా తోసేను!"

ఆ పెట్టెని తనే కొలుస్తానని సోమలింగం స్టేషను చుట్టూ తిరిగాడు. రానివ్వలేదు. ఈలోగా యుద్ధం వచ్చింది. ఇనుము కావాలని ఆ లైను పట్టాలన్నీ పీకి ఎక్కడికో పట్టుకుపోయారు. పెట్టెలు వెళ్ళిపోయాయి. స్టేషను పైకప్పు పోయింది. రాతి గూడ్సు అరుగు ఒక్కటే, ఎవరూ మోసుకుపోలేక, తుప్పల్లో మిగిలింది. యాకోబుని నరసాపురం గూడ్సు షెడ్డుకి మార్చారు. తమ్ముణ్ణి చంపిన వస్తువు లోకంలో లేకుండా పోయింది గానీ, తమ్ముడి మీద వేసిన మాట మాత్రం ఉంది. సోమలింగానికి పిచ్చికోపం వచ్చింది. ఆ కోపంలోనే, ఆ పెట్టెని తనే మళ్ళీ కడతానన్నాడు.

అడుగుకి అంగుళం లెక్క పెట్టుకున్నాడు. తుప్పలు నరికి అరుగుని మూలమట్టంతో కొలిచి తెచ్చాడు. పెట్టె కొలతలు యాకోబు నోటివి. యాకోబు సెలవుకి వచ్చినప్పుడల్లా అతన్ని తన పని పాకలో కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగేవాడు. తలుపు వెడల్పు ఎంత? నువ్వు చేతులు చాపితే అందేదా? చక్రం నీ తొడ దాకానా, నడుం దాకానా? బ్రేకు పిడి మూల నుంచి ఎన్ని జానలు? యాకోబు గాల్లో జానలు వేసి చూపించేవాడు. "అలా ఊరికే వెయ్యకు, గోడ మీద వెయ్యి" అని సోమలింగం కసిరేవాడు. యాకోబు ఓపిక గలవాడు. పైగా నరసింగం అతనికి స్నేహితుడు.

పెట్టె ఒంటికి టేకు, అడుగు దూలాలకి నల్లమద్ది. కమ్మరి కొలిమిలో చక్రాలు పోయించి అరిగించుకున్నాడు. రేకుల మీద రివెట్లకి గుండుసూది తలలు కోసి అతికించాడు. తలుపు జారే గాడి, గొళ్ళెం, సీలు వేసే కొంకి, గాలి కోసం పైన వదిలిన సందు, ఏదీ వదల్లేదు. గుమ్మాల పని చేసిన చెయ్యి అంత సన్నపు పనికి మొదట మొరాయించింది. విరిగినవి పొయ్యిలోకి పోయాయి. ఎండిన చేపపొట్టులా గరుకుగా ఉండే ఆకుతో కామేశ్వరి కొయ్యని రుద్ది నునుపు చేసి ఇచ్చేది. బావా మరదలూ గంటల తరబడి పాకలో ఉన్నా మాటలు తక్కువ.

చివరికి మనిషిని చేశాడు. పనసకొయ్య బొమ్మ, భుజం దగ్గరా నడుం దగ్గరా మోకాళ్ళ దగ్గరా వంగేట్టు. నరసింగం ఎత్తు ఇంట్లో అందరికీ తెలుసు. చెయ్యి పొడవుకి మాత్రం కామేశ్వరి తన బట్టల పెట్టె అడుగు నుంచి అతని చొక్కా తీసి ఇచ్చి, దాని చేతిని బద్ద మీద తనే పరిచి పట్టుకుంది. సోమలింగం కొలిచి గీత గీస్తుంటే వేరే వైపు చూసింది.

పట్టాలూ, పక్కన అరుగూ అన్నీ అదే లెక్కలో అమర్చి బొమ్మని నిలబెట్టాడు. అరుగు పక్కన పెట్టెకీ రాతికీ మధ్య చెయ్యి దూరే సందు లేదు. కాబట్టి బ్రేకు అందుకోవాలంటే అరుగు కొస దగ్గరికి రావాలి. అక్కడ ఎలా నిలబెట్టినా, ఎంత వంచినా, బొమ్మ చెయ్యి కడ్డీ పిడికి అందలేదు. గోరంత సందు ఉండిపోయింది.

"అందలేదు!" అని అరిచాడు సోమలింగం. "అందలేదే అమ్మా! చూడు!"

తల్లి పాపాయమ్మ పాక గుమ్మంలోకి వచ్చి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

కానీ చూపించడానికి ఎవరున్నారు? కంపెనీ దొరలు మద్రాసులో ఉంటారన్నారు. తరవాత దేశానికి స్వాతంత్య్రం వచ్చి దొరలు వెళ్ళిపోయారన్నారు. ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని సోమలింగం ఎన్ని అరుగులెక్కాడో! ఎక్కినచోటల్లా మెచ్చుకునేవారు. "అబ్బ, తలుపు నిజంగా జారుతోందే!" అనేవారు. పెళ్ళివారింట పానకాల పళ్ళెం పక్కన పెట్టడానికి అరువిమ్మన్నవాళ్ళున్నారు. అలా అడిగిన ఒకాయన ఇంటి గుమ్మం పనిని, సగంలో ఉందన్నది కూడా చూడకుండా సోమలింగం మానేశాడు. ధర్మరాజుగారొక్కరే బొమ్మ చేతినీ కడ్డీనీ చాలాసేపు చూసి, "అయితే మనవాడి తప్పు లేదన్నమాటే" అన్నారు.

"లేదండి."

"సరే. పెద్ద ఆఫీసరెవరైనా నరసాపురం వస్తే నేను పట్టుకుంటాను. నువ్వు మాత్రం అక్కడ ఎవరి బల్లా తన్నకు."

"ఆయ్" అన్నాడు సోమలింగం.

ధర్మరాజుగారు అన్నమాట నిలబెట్టుకున్నారు. ఎంతో కాలం పట్టింది గానీ, రైళ్ళన్నీ ప్రభుత్వం చేతికొచ్చాక ఒక ఆఫీసరు రెండు నెలల్లో నరసాపురం తనిఖీకి వస్తున్నాడని, పది నిమిషాలు మాట్లాడతాడని కబురు తెచ్చారు. సరిగ్గా అప్పుడే యాకోబు దగ్గర్నుంచి కూడా కబురొచ్చింది. అలాంటి పాత రకం పెట్టె ఒకటి షెడ్డుకొచ్చింది, విరగ్గొట్టడానికి పక్కన పెట్టారు, వచ్చి చూసుకొమ్మని.

సోమలింగం ముందు ఆ పెట్టె చూడ్డానికి సంబరంగా బయల్దేరాడు. సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురంలో దిగి, యాకోబుతో గూడ్సు షెడ్డు వెనక్కి వెళ్ళాడు. పిచ్చిమొక్కల్లో ఆ పెట్టె ఎర్రగా తుప్పు పట్టి నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ చేతుల్లో తిప్పిన వస్తువు అంత పెద్దగా ఎదురుగా ఉంది. దగ్గరికి వెళ్ళి రేకు మీద చెయ్యి వేశాడు. ఎండకి కాలుతోంది. రివెట్లు సరిపోయాయి. తలుపు గాడి సరిపోయింది. చక్రం సరిపోయింది. యాకోబు జ్ఞాపకం గొప్పదే. ఆఖర్న బద్ద పెట్టి పొడవు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

తను కట్టిన పెట్టె పొడుగ్గా ఉంది. అసలు పెట్టె లెక్కన చూస్తే జానెడు ఎక్కువ. అది కూడా చక్రాల మధ్య కాదు, మూలల్లో. అంటే మూల నుంచి బ్రేకు పిడి, తను చూపించినంత లోపలికి లేదు.

"నేను జానలు తప్పు చెప్పేనేంటండీ?" అన్నాడు యాకోబు భయంగా.

"నువ్వు చెప్పింది సరిగ్గానే ఉంది. నోరుముయ్యి."

పట్టాల పక్కన కూర్చుని మట్టిలో పుల్లతో లెక్క వేశాడు. పొడవునీ వెడల్పునీ హెచ్చించి ఎనిమిదితో భాగించాడు. ఇల్లయినా, గుమ్మమైనా, మంచమైనా వడ్రంగి వేసే లెక్క అదే. మిగిలే శేషాన్ని బట్టి ఆయం. ధ్వజం, సింహం, వృషభం, గజం మంచివి. తక్కినవి కొలతకి పనికిరావు. శేషం చెడ్డదైతే ఒక బద్ద కలిపి మంచి ఆయానికి తేవాలి. తగ్గించకూడదు, కలపాలి. తండ్రి మొట్టికాయలు వేసి నేర్పిన విద్య. యాకోబు చెప్పిన కొలత శేషం లేకుండా తెగింది. కాకాయం. అన్నిట్లోకీ చెడ్డది. తను కట్టినదాన్ని అలాగే భాగిస్తే ధ్వజాయానికి వచ్చింది.

తను కలిపిన గుర్తే లేదు. గుమ్మం చేసేటప్పుడు ఎలా కలుపుతుందో, చెయ్యి అలా కలిపేసింది. ఇంగ్లండులో ఎవడో ఏ ఆయమూ చూడకుండా కట్టిన ఇనప పెట్టెకి తను శుభం చూసి పొడుగు పెంచాడు. ఆ పొడుగులో తమ్ముడి చెయ్యి అందకుండా పోయింది.

సోమలింగం పుల్ల విరిచి పారేశాడు. ఇంటికొచ్చి సంగతి చెప్పి, ఉలి తీసి, ఆ పెట్టెని మూలల దగ్గర విప్పబోయాడు. కామేశ్వరి రెండు చేతులూ దాని మీద పెట్టింది. అలా ఆమె ఎన్నడూ ఎదురు రాలేదు.

"ఇప్పుడు విప్పుతారేంటండీ బావగారూ? ఆఫీసరు వస్తున్నాడు గదా!"

"తప్పు కొలతమ్మా."

"ఎంత తప్పండీ? ముప్పావంగుళం! ఆయనేం బద్ద పట్టుకొచ్చి కొలుస్తాడా?"

"నేను కొలిచేను."

"కొలిస్తే కొలిచేరు. చెప్పకండి."

"వాళ్ళు కొలవకుండా రాసేరని ఇన్నేళ్ళు ఊరంతా తిరిగి అరిచేను. ఇప్పుడు నేను దొంగకొలత పట్టుకుని ఆ మెట్టెక్కమంటావా?"

కామేశ్వరి గొంతు పెరిగింది. "మీకు కొలత కావాలండి. నాకు ఆయన పేరు కావాలి. ఆ రేవులో రోజూ దిగేది నేను, మీరు కాదు! మీకు కోపమొస్తే ఒకణ్ణి నీళ్ళలో తోస్తారు, మీ దారిన మీరొస్తారు. మర్నాడు మళ్ళీ ఆ పడవ నేనెక్కాలి. వాళ్ళకో అబద్ధం ఉండగా లేంది, మనకొకటి ఉంటే ఏం పోయింది?"

సోమలింగం ఆమె చేతుల కింద నుంచి పెట్టె లాక్కుని, మూల దూలం ఉలితో పగలగొట్టాడు. కామేశ్వరి లేచి పాక బయటికి వెళ్ళిపోయింది. పాపాయమ్మ అరుగు మీంచి కేకేసింది. "కాకాయం అంటున్నావేరా? ఆ కొలతతో వస్తువు చేసి నా గడప దాటించేవంటే ఊరుకోను!"

"దాటించనులే!"

కొత్తది కట్టాడు. ఈసారి ప్రతి కొలతకీ చెయ్యి కలపబోతుంటే పళ్ళు కొరికి ఆపుకోవాల్సి వచ్చింది. ఏ దూలమూ మంచి ఆయానికి రాలేదు. ఆకుతో రుద్దడానికి కామేశ్వరి రాలేదు. అయ్యాక పట్టాల మీద పెట్టి, బొమ్మ నిలబెట్టి, చెయ్యి చాపించాడు. అరుగు వారగా నిలబడితే అందలేదు. పెట్టె మూలకి ఎదురుగా జరిపితే అందింది. పనసకొయ్య వేళ్ళు కడ్డీ పిడి మీద చక్కగా ఆనాయి.

మరదల్ని కేకేశాడు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చూసుకో! అందింది! కంపెనీవాడు నిజమే రాసేడు. నీ మొగుడు నొక్కొచ్చు, నొక్కలేదు. పో, రేవులో చెప్పుకో!"

అన్న తరవాత ఆ మాట ఎంత చెడ్డదో అతనికి తెలిసింది. కామేశ్వరి ఏడవలేదు. దగ్గరికొచ్చి నేల మీద చతికిలబడి బొమ్మని చూసింది. దాన్ని ముట్టుకోలేదు.

"ఈయన ఎక్కడ నిలబడ్డాడండీ?"

"మూల దగ్గర. అక్కడైతేనే అందుతుంది. ఇంకెక్కడా అందదు."

"మరి ఈ గుబ్బ రొమ్ముకి ఆనుకుంటోంది గదండీ."

సోమలింగం వంగి చూశాడు. బఫరు బొమ్మ రొమ్ముకి సరిగ్గా ఎదురుగా ఉంది. చెయ్యి పిడి మీద ఉండాలంటే మనిషి ఇంక ఎటూ జరగలేడు. జరిగితే చెయ్యి వదలాలి.

"నేనే కడిగేనండి ఆయన్ని" అంది కామేశ్వరి. "రొమ్ము మీద గుండ్రంగా కమిలిపోయింది. వీపు మీదా అంతే. కుడి అరచెయ్యి నల్లటి జిడ్డు. పసుపేసి రుద్దేను, సున్నిపిండేసి రుద్దేను, పోలేదు. పనిచేసే చెయ్యి గదా, జిడ్డు ఉండదా అనుకున్నాను. ఆ చేత్తోనే పంపేను."

సోమలింగం పెట్టెని ఒక వేలితో నెట్టాడు. బొమ్మ చెయ్యి కడ్డీ మీదే ఉండగా, పెట్టె ముందుకు కదిలేకొద్దీ బొమ్మ వెనక్కి జరిగింది. ఆ రోజున నరసింగం వీపు వెనక, ముందే నిలబెట్టి ఉన్న ఇంకో పెట్టె ఉంది. అంతే. కడ్డీని నొక్కిపట్టి అతను వెనక్కి వెనక్కి నడిచాడు. కాయల బరువుతో కదిలిన పెట్టె అక్కడే ఎందుకు ఆగిందో, అవతలి ఆడవాళ్ళకి ఎందుకేమీ కాలేదో, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. బ్రేకు అందలేదని తను ఊరూరా అరిచాడు. అందింది. అందుకున్నందుకే పోయాడు. కంపెనీవాడు నొక్కలేదని రాశాడు. అన్న అయ్యుండి తను అసలు అందనే లేదన్నాడు.

గోడకి తగిలించిన రంపం తీసి నేలకేసి కొట్టాడు. అది కోపమో ఏడుపో కామేశ్వరి చూడలేదు. ఆమె బొమ్మ చేతినే చూస్తోంది.

నరసాపురానికి ముగ్గురూ వెళ్ళారు. ధర్మరాజుగారు ముందు, పెట్టె ఒళ్ళో పెట్టుకుని సోమలింగం, వెనక కామేశ్వరి. ఆఫీసరు తెలుగాయనే, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. పెట్టెని చూడగానే లేచి వచ్చి, చుట్టూ తిరిగి, తలుపు జరిపి, మూసి, "భేష్! ఇది విలాయతీలో కూడా చెయ్యలేరు" అన్నాడు. సోమలింగం జరిగింది చెప్పాడు. చెయ్యి ఎక్కడ అందుతుందో, అందితే బఫరు ఎక్కడ తగులుతుందో చూపించాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ధర్మరాజుగారు ఆశ్చర్యంగా చూశారు.

ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు. "మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కాని ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆ లైను లేదు. ఆ కాగితాలు ఉన్నాయో లేవో నాకు తెలియదు. లేని రికార్డులో నేనేం దిద్దను చెప్పండి?"

"ఒక ముక్క రాసివ్వండి" అన్నాడు సోమలింగం. "బ్రేకు నొక్కుతూ పోయేడని."

"అలా రాయడానికి నాకు అధికారం లేదండీ." ఆయన మళ్ళీ పెట్టె వైపు చూశాడు. "ఇది మాత్రం మా ఆఫీసులో ఉండాల్సిన వస్తువు. అద్దాల బీరువాలో పెట్టిస్తాను. వచ్చినవాళ్ళంతా చూస్తారు. ఆ మనిషి బొమ్మ అక్కర్లేదు, అది తీసేసి ఇవ్వండి."

ధర్మరాజుగారు "సోమలింగం..." అని సణిగారు. అప్పటికే ఆలస్యమైంది.

"తీసేయాలాండీ?" అన్నాడు సోమలింగం. "దినాలు అయ్యీ అవకుండానే కాగితం మీంచి మీవాళ్ళు తీసేసేరు ఆ మనిషిని. పట్టాలు పీకేసేరు, పెట్టెలు పట్టుకుపోయేరు, కంపెనీయే లేదంటున్నారు. మిగిలింది ఈ కొయ్యముక్క. దీన్ని కూడా నా చేత్తోనే తీయిస్తారాండీ? మీ పెట్టె మీకు ముద్దొచ్చింది. అది ఆగింది ఎవరి రొమ్ము మీదో అది మాత్రం అక్కర్లేదు!"

గుమ్మంలో జవాను లోపలికొచ్చాడు. ఆఫీసరు చేత్తో వారించాడు. సోమలింగం మేజా తన్నలేదు. పెట్టెని పట్టాలతో, అరుగుతో, మనిషితో కలిపి ఎత్తుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద కామేశ్వరి అంది. "బాగా అన్నారు బావగారూ." ఆమె మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇంటికి తెచ్చాక పాపాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కాకాయం వస్తువు లోపలికి రాకూడదంది. ఆ మాట మీద తల్లితో పోట్లాడే ఓపిక సోమలింగానికి లేదు. పెట్టెని భుజాన వేసుకుని తిన్నగా గౌతమి రేవుకి నడిచాడు. అక్కడ పడవ కోసం జనం కూర్చునే తాటాకు పాకలో, నడి స్తంభానికి చూపు అందే ఎత్తులో బల్ల కొట్టి, దాని మీద బిగించేశాడు. బొమ్మ అరచేతిని కడ్డీ పిడికి సన్నటి ఇత్తడి మేకుతో కొట్టాడు. ఎవరూ ఊడదియ్యకుండా మేకు తల అరగదీశాడు.

వెంకన్న చూస్తూ నిలబడ్డాడు. "ఎవరో పీకి పట్టుకుపోతారేమోనండీ" అన్నాడు.

"పట్టుకుపోతే చెప్పు. ఇంకోటి కడతాను. అది పోతే ఇంకోటి."

ఆ తరవాత సోమలింగం మారిపోయాడనుకుంటే పొరపాటు. రోజూ సాయంత్రం వచ్చి తుడిచేవాడు. పిల్లలు చక్రాలు తిప్పితే అరిచేవాడు, పెద్దలు తలుపు జరిపితే అరిచేవాడు. రేవులో "బ్రేకు" అన్న మాట ఒక్కరోజులో చచ్చిపోలేదు. కొందరికి అలవాటు తప్పలేదు. అన్నవాడికి పక్కవాడు స్తంభం వైపు చూపించడం మాత్రం మొదలైంది. రైల్వే నుంచి ఏ కాగితమూ రాలేదు. సోమలింగం విషజ్వరంతో పోయేదాకా దాని కోసం చూశాడు. రానందుకు, ఆఖరి రోజున కూడా, మంచం పక్కన కూర్చున్న ధర్మరాజుగారి మీద కేకలేశాడు.

అతను పోయాక ఒక ఉదయం, రాజోలు వైపు నుంచి వచ్చిన ముసలావిడ ఒకతె పడవ కోసం పాకలో కూర్చుని, స్తంభం మీది పెట్టెని తేరిపారి చూసింది. పక్కన తమలపాకుల బుట్ట సర్దుకుంటున్న కామేశ్వరిని అడిగింది.

"ఇతనెవరమ్మా, బండికి అలా అడ్డం నిలబడ్డాడు?"

"మా ఆయనండి" అంది కామేశ్వరి. "బ్రేకు నొక్కుతున్నాడు."

బుట్ట నెత్తికెత్తుకుని పడవ వైపు దిగింది.